ప్రాచీన చరిత్రలో తొలి పాఠము: క్రీ.పూ. 701వ సంవత్సరము

దైవశాస్త్ర కళాశాలలో చేరే విద్యార్థులలో కొందరు డిగ్రీలో చరిత్ర చదివి వస్తారు. ఎక్కువమంది సైన్సో, కామర్సో చదివి వస్తారు. వీరికి ప్రాచీన చరిత్ర ప్రవేశ కోర్సు ఒక కొత్త భారముగా కనిపిస్తుంది. వారికి అది ఎప్పుడో తెలిసిన సంగతిగా కనిపిస్తుంది. ఈ రెండింటిలో తెలిసినదనుకోవడమే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని మా అభిప్రాయము. ఎందుకనగా పరీక్షల కోసము చదివిన ప్రాచీన చరిత్ర తరచుగా గైడు పుస్తకముల చరిత్ర. సుమేరియనులు ప్రపంచ నాగరికతకు చేసిన సేవ ఏమిటి, ఈజిప్టు పిరమిడ్ల విశిష్టత ఏమిటి, వీటికి పది మార్కుల జవాబు, అందులో ఉపశీర్షికలు. అట్టి విద్యార్థి హమ్మురాబి పేరు చెప్పగలడు. కాని హమ్మురాబి ఒకడు ఉన్నాడని మనకెట్లు తెలిసినదని అడిగితే ఆగిపోతాడు.

ప్రవేశ కోర్సు ఎంత చిన్నదైనా ఈ ఒక్క ప్రశ్నను నేర్పితే చాలును. ఈ సంగతి మనకు చెప్పినవారెవరు? వారు ఎప్పుడు, ఎవరి కొరకు చెప్పారు? వేరొకరు ఇదే సంగతిని వేరుగా చెప్పారా? ఈ వ్యాసములో నాగరికతలన్నిటిని చుట్టి రాకుండా, ఒకే సంవత్సరమును తీసుకొని ఈ ప్రశ్నలు అడుగుదాము. అది క్రీ.పూ. 701. అష్షూరు రాజైన సన్హెరీబు యూదా మీదికి వచ్చిన సంవత్సరము. మన సంఘములలో హిజ్కియా ప్రార్థన మీద ప్రసంగము వినని విశ్వాసి ఉండడు. కనుక కథ పాఠకులకు తెలిసినదే.

సంవత్సరము ఎట్లు తెలిసినది?

‘క్రీ.పూ. 701’ అని ఏ శాసనము మీదను లేదు, ఉండడానికి వీలు లేదు. మరి ఆ అంకె ఎక్కడనుండి వచ్చినది? అష్షూరువారు సంవత్సరములకు అంకెలు వేయలేదు. ప్రతి సంవత్సరమునకు ఒక అధికారి పేరు పెట్టేవారు. ఆ అధికారిని వారి భాషలో ‘లిమ్ము’ అనేవారు. ప్రభవ, విభవ అని సంవత్సరములకు పేర్లు పెట్టుకొన్న మన తెలుగువారికి ఇది విడ్డూరము కాదు. అయితే మన పేర్లు అరువది ఏండ్లకు తిరిగి వస్తాయి, వారి పేర్లు అట్లు చక్రముగా తిరగవు. అందువలన ఆ అధికారుల పేర్లను వరుసగా వ్రాసి ఉంచుకొన్నారు. 19వ శతాబ్దములో నీనెవె శిథిలములలో ఆ పట్టికలు దొరికాయి.

పట్టిక ఎంత పొడవైనదైనా ఆకాశములో వేలాడే నిచ్చెన వంటిది. దాని ఒక మెట్టునైనా నేలకు ఆనించవలెను. బూర్‌సగలే అను అధికారి సంవత్సరములో, సీమాను మాసములో సూర్యగ్రహణము పట్టినదని ఒక పట్టికలో వ్రాసి ఉన్నది. ఖగోళ గణితము ప్రకారము ఆ గ్రహణము క్రీ.పూ. 763 జూన్ 15న సంభవించినది. ఆ ఒక్క మెట్టు నేలను ఆనిన తరువాత పై మెట్లు, క్రింది మెట్లు వాటంతట అవే స్థిరపడ్డాయి. మన దేశములోను శాసన పరిశోధకులు ఇదే పని చేస్తారు. సూర్యగ్రహణ పుణ్యకాలమున ఫలానా అగ్రహారము దానమిచ్చితిమని రాజు వ్రాయించిన శాసనములో తిథి, వారము, గ్రహణము సరిచూచి తేదీని నిర్ణయిస్తారు.

ఈ నిచ్చెన బైబిలుకు ఎంత దగ్గరగా వస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ చాలును. అష్షూరు రాజైన మూడవ షల్మనేసెరు తన ఆరవ ఏట, అనగా క్రీ.పూ. 853లో, కర్కరు అనుచోట సిరియా ప్రాంతపు రాజుల కూటమితో యుద్ధము చేశాడు. ఆ కూటమిలో ఇశ్రాయేలు రాజైన అహాబు 2,000 రథములతో, 10,000 కాలిబంటులతో వచ్చాడని అతని శాసనము చెబుతున్నది. రథముల సంఖ్య మితిమీరినదని అనుమానించే పండితులు కలరు, అది వేరే చర్చ. అదే షల్మనేసెరు తన పదునెనిమిదవ ఏట, క్రీ.పూ. 841లో, యెహూ వద్ద కప్పము తీసుకొన్నాడు. అనగా అహాబు బ్రతికియున్న సంవత్సరమునకు, యెహూ రాజైయున్న సంవత్సరమునకు మధ్య 12 ఏండ్లే. కాని రాజుల గ్రంథములో ఆ మధ్య అహజ్యా రెండేండ్లు (1 రాజులు 22:51), యెహోరాము పండ్రెండేండ్లు (2 రాజులు 3:1) ఏలారు. కూడితే 14. విద్యార్థి ఇక్కడ బైబిలు తప్పు అనో, శాసనము తప్పు అనో తొందరపడకూడదు. ఎట్లు లెక్కపెట్టారని ముందు అడగవలెను. రాజు సింహాసనమెక్కిన సంవత్సరమును, అది కొద్ది నెలలే మిగిలియున్నను, అతని మొదటి ఏడుగా లెక్కించే పద్ధతి ఒకటి ఉండేది. అప్పుడు ఆ సంవత్సరము చనిపోయిన రాజు లెక్కలోను, కొత్త రాజు లెక్కలోను రెండుసార్లు పడుతుంది. ఆ విధముగా తీసివేస్తే అహజ్యాకు ఒకటి, యెహోరాముకు పదకొండు, మొత్తము పండ్రెండు. ఎడ్విన్ థీలే 1951లో ప్రచురించిన గ్రంథములో ఈ సూత్రమును విస్తారముగా చర్చించాడు. ఇది మనకు వింత కాకూడదు. శుక్రవారము నుండి ఆదివారమునకు ‘మూడవ దినము’ అని చెప్పే మనము, పిల్లవానికి ‘అయిదో ఏడు నడుస్తున్నది’ అని చెప్పే మన పెద్దలు ఇట్టి లెక్కనే వాడుతున్నాము.

ఇక్కడ ఒక మాట ప్రక్కగా చెప్పవలెను. ఈ పద్ధతి పరాయి దేశముల చరిత్రకు మాత్రమే పనికివచ్చునని మన విద్యార్థులు అనుకొంటారు. కర్నూలు జిల్లాలో పత్తికొండకు సమీపమున ఎర్రగుడి కొండరాళ్లపై అశోకుని శాసనములు ఉన్నాయి. అశోకుని పదమూడవ శాసనములో అయిదుగురు యవన రాజుల పేర్లు కలవు. ఆ అయిదుగురు ఏకకాలములో జీవించియున్న కొద్ది సంవత్సరములను బట్టియే అశోకుని కాలము, దానిని బట్టి ప్రాచీన భారత చరిత్రలో అనేక తేదీలు నిర్ణయమయ్యాయి. ఆ పేర్లలో అంతియోక అనగా సిరియాను ఏలిన రెండవ అంతియొకసు, తులమయ అనగా ఐగుప్తును ఏలిన రెండవ టాలెమీ. దానియేలు 11:6లో దక్షిణదేశపు రాజు కుమార్తె ఉత్తరదేశపు రాజు వద్దకు వచ్చు సంగతిని వ్యాఖ్యాతలు వివరించేది ఈ ఇద్దరు రాజులను గూర్చియే. రాయలసీమలో గొఱ్ఱెల కాపరులు తిరిగే ఆ కొండరాతికిని, మనము వేదిక మీద విప్పే దానియేలు గ్రంథమునకును ఇంత దగ్గరి బంధుత్వము ఉన్నదని చెప్పితే విద్యార్థులకు చరిత్ర మీద ఆసక్తి దానంతటదే పుడుతుంది.

లిపి చదివినవారిని నమ్మవచ్చునా?

ఇది న్యాయమైన ప్రశ్న. మేకుల వంటి గీతలను పండితులు తమకు ఇష్టము వచ్చినట్లు చదువుతున్నారేమోనని 19వ శతాబ్దములో ఐరోపాలోనే చాలామంది అనుమానించారు. 1857లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒక పరీక్ష పెట్టినది. కొత్తగా దొరికిన ఒక శాసన పాఠమును రాలిన్సన్, హింక్స్, టాల్బట్, ఓపెర్ట్ అను నలుగురు విడివిడిగా అనువదించి, ముద్రవేసిన కవర్లలో పంపారు. తెరచి చూడగా ముఖ్య విషయములలో నలుగురి అనువాదములు కలిశాయి. ఈ కథను మేము ప్రవేశ కోర్సులో తప్పక చెప్పవలెనంటాము. చరిత్రకారుని మాట ఎందుకు నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో ఇందులో ఉన్నది.

ఒక దండయాత్ర, పలు సాక్ష్యములు

ఇక 701కి వద్దాము. సర్గోను క్రీ.పూ. 705లో యుద్ధములో మరణించగా అతని కుమారుడు సన్హెరీబు రాజయ్యాడు. రాజు మారినప్పుడు సామంతులు కప్పము ఆపివేయుట ఆనాటి వాడుక. హిజ్కియా కూడ అట్లే తిరుగుబాటు చేశాడు. సన్హెరీబు ముందు బబులోను వైపు చక్కదిద్దుకొని, తన మూడవ దండయాత్రలో పడమటికి వచ్చాడు.

అతని సొంత వృత్తాంతము మట్టి స్తంభముల మీద దొరికినది. వాటిలో ఒకటి 1830లో నీనెవెలో కర్నల్ టేలర్‌కు దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. ఆరు పలకలుగల ఆ స్తంభము చెప్పే సంగతులివి: హిజ్కియాకు చెందిన ప్రాకారములుగల 46 పట్టణములను, వాటి చుట్టునున్న లెక్కలేని పల్లెలను పట్టుకొన్నాడు. 2,00,150 మందిని బయటికి తెచ్చాడు. హిజ్కియాను పంజరములో పక్షివలె యెరూషలేములో బంధించాడు. పట్టుకొన్న ఊళ్లను అష్డోదు, ఎక్రోను, గాజా రాజులకు పంచిపెట్టాడు. హిజ్కియా 30 తలాంతుల బంగారము, 800 తలాంతుల వెండి, ఇంకను ఎన్నో వస్తువులు నీనెవెకు పంపాడు.

యెరూషలేమును పట్టుకొన్నానని మాత్రము అతడు చెప్పలేదు. ప్రతి పట్టణమును పట్టుకొంటిని, కాల్చితిని అని వ్రాసే రాజు ఇక్కడ పంజరమును గూర్చి వ్రాసి ఊరకున్నాడు. రాజశాసనములను చదవడములో ఇది మొదటి సూత్రము. అవి గొప్పలు చెప్పే సాహిత్యము గనుక వాటిలోని గొప్పలకంటె మౌనమే ఎక్కువ విలువైనది.

ఇప్పుడు 2 రాజులు 18వ అధ్యాయము తెరవండి. 14 నుండి 16 వచనములలో హిజ్కియా తప్పు ఒప్పుకొని 300 తలాంతుల వెండి, 30 తలాంతుల బంగారము చెల్లించాడు. బంగారపు లెక్క రెండు చోట్ల ఒకటే, వెండి లెక్క వేరు. వేర్వేరు తూకములను బట్టి భేదము వచ్చినదని కొందరు, సన్హెరీబు పెంచి చెప్పాడని కొందరు అంటారు. ఏ వివరణకును నిశ్చయమైన ఆధారము లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. ఇదే వృత్తాంతమును దాదాపు మాటకు మాటగా చెప్పే యెషయా 36వ అధ్యాయములో ఆ మూడు వచనములు లేవు. 2 దినవృత్తాంతములు 32లోను ఈ కప్పము కనబడదు. దానికి బదులు రాజు ప్రాకారము కట్టించుట, నీటి ఊటలను మూయించుట కనబడతాయి. మన ప్రసంగములు సాధారణముగా యెషయాను బట్టి నడుస్తాయి గనుక, దేవాలయ తలుపుల బంగారమును ఊడదీసి శత్రువునకిచ్చిన హిజ్కియాను మన సంఘములు ఎరుగవు.

లాకీషు సంగతి ఇంకను గమనింపదగినది. 2 రాజులు 18లో రాజు లాకీషునందు ఉన్నాడని మాత్రమే ఉన్నది, ఆ పట్టణము కూలినదని లేదు. మట్టి స్తంభములో లాకీషు పేరే లేదు. మరి అది కూలినదని ఎట్లు తెలిసినది? నీనెవెలో సన్హెరీబు రాజభవనమును త్రవ్విన లేయార్డ్‌కు ఒక గది నిండ రాతి చిత్రములు దొరికాయి. మట్టిదిబ్బ మీదుగా ఎక్కి వచ్చే ముట్టడి యంత్రములు, గోడపైనుండి దివిటీలు విసిరే యూదావారు, సింహాసనము మీద కూర్చున్న రాజు, అతని ఎదుట లాకీషు కొల్లసొమ్ము నడుచుచున్నదని తెలిపే వ్రాత. లాకీషు దిబ్బను 1930లలో స్టార్కీ త్రవ్వాడు. అక్కడ కాలిపోయిన ఒక పొరను అతడు నెబుకద్నెజరు కాలమునకు, క్రీ.పూ. 597కు చేర్చాడు. అతనితో పనిచేసిన ఓల్గా టఫ్నెల్ 1953లో, అది కాదు, 701దే అని వ్రాసింది. 1973 నుండి జరిగిన త్రవ్వకములలో ఉసిష్కిన్ ఆమె మాటే సరియని చూపాడు. ముట్టడికి పోసిన రాళ్ల దిబ్బ, దానికెదురుగా లోపలివారు పోసుకొన్న దిబ్బ, బాణపు మొనలు, వడిసెల రాళ్లు బయటపడ్డాయి. ముప్పది, నలుబది ఏండ్లలో ఒక పొర తేదీ నూరేండ్లు వెనుకకు జరిగినది. పురావస్తు శాస్త్రము రుజువు చేసినదని ప్రసంగములలో గట్టిగా పలికేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవడము మంచిది.

ఈ సందర్భములో మా అసంతృప్తిని కొంచెము చెప్పుకొంటాము. ఎఱ్ఱ సముద్రములో ఫరో రథచక్రములు దొరికాయనియు, యెహోషువ కాలములో తప్పిపోయిన దినమును అమెరికా అంతరిక్ష శాస్త్రవేత్తలు కంప్యూటరులో కనుగొన్నారనియు కరపత్రములు తిరుగుతూ ఉంటాయి. వీటికి ఆధారము లేదు. లాకీషు వంటి నిజమైన సంపద చేతిలో ఉండగా ఈ కట్టుకథలను వేదిక ఎక్కించే అవసరము మనకేమి ఉన్నదో మాకు తెలియదు. వినేవారిలో ఇంజనీరింగు చదివే పిల్లలు ఉన్నారు. ఇంటికి వెళ్లి చూచుకొంటారు. ఒకటి అబద్ధమని తేలితే తక్కినదానిని కూడ అదే గంపలో వేస్తారు.

విద్యార్థికి కలిగే కలవరము

నాలుగవ సాక్షి గ్రీకు చరిత్రకారుడైన హెరొడొటస్. క్రీ.పూ. 5వ శతాబ్దములో ఐగుప్తులో విన్న కథను తన రెండవ పుస్తకములో వ్రాశాడు. సన్హెరీబు సేన ఐగుప్తు సరిహద్దున దిగియుండగా, రాత్రివేళ పొలపుటెలుకలు వచ్చి అంబులపొదులను, విండ్లను, డాళ్ల పట్టీలను కొరికివేశాయట. తెల్లవారేసరికి సేన నిరాయుధమై పారిపోయినదట. యెహోవా దూత 1,85,000 మందిని మొత్తిన వృత్తాంతముతో (2 రాజులు 19:35) దీనిని కలిపి, ఎలుకలనగా తెగులు వచ్చినదని చెప్పే వ్యాఖ్యాతలు ఉన్నారు. ఇది ఊహ. హెరొడొటస్ తెగులు మాట ఎత్తలేదు.

తరగతిలో ఈ స్థలమునకు వచ్చినప్పుడు విద్యార్థులు రెండుగా చీలుతారు. చరిత్ర వాక్యమును తినివేస్తున్నదని ఒకరు పుస్తకము మూసివేస్తారు. వాక్యమే కథ అని మరొకరు బైబిలు మూసివేస్తారు. ఇద్దరును ఒక సంగతిని మరచుచున్నారు. సన్హెరీబు యెరూషలేమును పట్టుకొనలేదు, హిజ్కియా సింహాసనము మీదనే ఉన్నాడు, యూదా భారీ కప్పము చెల్లించినది: ఈ మూడు సంగతులలో శత్రువు వ్రాతయు, రాజుల గ్రంథమును కలుస్తున్నాయి. ఆ రాత్రి ఏమి జరిగినదో చెప్పడానికి చరిత్రకారుని చేతిలో కొలబద్ద లేదు. దూత రాలేదని అతడు చెప్పలేడు, వచ్చాడని రుజువు చేయలేడు. తన పని అంతవరకేనని చెప్పే చరిత్రకారుని మాట నమ్మదగినది. మంచి కోర్సు ఆ గీత ఎక్కడ గీయాలో నేర్పుతుంది.

తేలని చిక్కులను కూడ దాచకూడదు. 2 రాజులు 18:13 ఈ దండయాత్రను హిజ్కియా పదునాలుగవ ఏట ఉంచుతుంది. అప్పుడు అతడు రాజైనది సుమారు 715. అదే అధ్యాయము 10వ వచనము షోమ్రోను పతనమును అతని ఆరవ ఏట ఉంచుతుంది. షోమ్రోను కూలినది 722 ప్రాంతమున, కనుక అతడు రాజైనది సుమారు 728 కావలెను. తండ్రితో కలిసి ఏలిన కాలము ఉన్నదని కొందరు, ఒక అంకెను లేఖకులు తప్పుగా ఎక్కించారని కొందరు అంటారు. తిర్హాకాను 2 రాజులు 19:9 కూషు రాజని పిలుస్తుంది, అతడు రాజైనది క్రీ.పూ. 690లో. తరువాత రాజైన వ్యక్తిని ఆ బిరుదుతో ముందుగానే పిలవడము మన వాడుకలోను ఉన్నది గనుక ఇది పెద్ద చిక్కు కాదంటాము. మరియు 19:36, 37 వచనములను వెంటవెంటనే చదివితే, సన్హెరీబు ఇంటికి వెళ్లిన మరునాడో, మరుమాసమో కుమారుల చేతిలో హతుడైనట్లు తోచును. వాస్తవముగా ఆ రెండు వచనముల మధ్య 20 ఏండ్లు ఉన్నాయి. అతడు చనిపోయినది క్రీ.పూ. 681లో. హత్య చేసినవాడు కుమారుడని అష్షూరు, బబులోను వ్రాతలును చెబుతున్నాయి. ఒక పలకలో అర్దముల్లిస్సు అని ఆ కుమారుని పేరు కూడ దొరికినది, మన బైబిలులోని అద్రమ్మెలెకు అతడేనని పండితులు గుర్తించారు. కాని అది జరిగేసరికి ఇరువది ఏండ్లు గడిచాయి. విడుదల కలిగిన మరుసటి ఉదయమే శత్రువు కూలునని బోధించే ప్రసంగమునకు ఈ ఇరువది ఏండ్లు అడ్డము వస్తాయి. జవాబు కొరకు ఏండ్ల తరబడి కనిపెట్టుచున్న విశ్వాసికి మాత్రము ఇవి అడ్డముగా ఉండవు.

ఇక ఆ 46 పట్టణముల మాట. రాజుల గ్రంథము వాటికి ఒక్క వచనము ఇచ్చినది. సన్హెరీబు యూదా దేశమందలి ప్రాకారములుగల పట్టణములన్నిటిని పట్టుకొన్నాడని చెప్పి (18:13), కథ యెరూషలేమునకు వెళ్లిపోతుంది. మనమును వెళ్లిపోతాము. 2,00,150 అను సంఖ్య అతిశయోక్తి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. పశువులను కూడ కలిపి లెక్కించాడేమోనని కొందరు అంటారు. అందులో పదవ వంతే నిజమనుకొన్నను అది చిన్న దేశము. త్రవ్వకములలో యూదా పశ్చిమపు లోయ ప్రాంతమందలి ఊళ్లు అనేకము ఆ కాలమున పాడై, తరువాత చాలాకాలము పూర్వమువలె నిండలేదని తెలుస్తున్నది.

ఆ ప్రాంతమువాడైన ప్రవక్త ఒకడు ఉన్నాడు. మీకా మోరెషెతు ఊరివాడు, రాజధానివాడు కాడు. అతని గ్రంథము మొదటి అధ్యాయము చివరి భాగమును ప్రసంగమునకు తీసుకొనేవారు అరుదు. ఊళ్ల పేర్ల వరుసయే గదా అని దాటివేస్తాము. పటము ప్రక్కన పెట్టుకొని చదివితే ఆ పేర్లలో గుర్తింపగలిగినవి లాకీషు చుట్టుప్రక్కలవే అని తెలుస్తుంది. అందులో లాకీషు ఉన్నది, అతని సొంత ఊరు ఉన్నది. చివరి వచనములో చెరలోనికి పోయిన పిల్లల కొరకు తల బోడిచేసికొమ్మని చెబుతున్నాడు. నీనెవె రాతి చిత్రములలో ఆ పిల్లలు కనిపిస్తారు. ఎద్దుబండి మీద మూటలు, మూటల మీద కూర్చున్న స్త్రీలు, పిల్లలు, బండి ముందు నడిచే పురుషుడు. ఆ ఎద్దు ప్రక్కటెముకలను సైతము శిల్పి ఒక్కొక్కటిగా చెక్కాడు.